ఎలుగుబంటి దారిలో ముగ్గు

ఇది మహాకావ్యానికి సరిపోయే కథ. ఇందులో శేషాచలం కొండలున్నాయి, కీకారణ్యం ఉంది, ఎలుగుబంటి ఉంది, సరిహద్దు దాటి వచ్చిన ప్రతినాయకుడున్నాడు, పట్టు వదలని ఒక వీరవనిత ఉంది. నేను కూడా ఉన్నాను.

సరే, ముందే చెప్పేస్తాను. కీకారణ్యం అంటే రేణిగుంట దాటాక కొండవైపు తిరిగితే వచ్చే ఒక పల్లె వెనకాల మొదలయ్యే పొదలు. ప్రతినాయకుడు మద్రాసు నుంచి తడ మీదుగా బస్సులో వచ్చిన ఎక్స్‌టర్నల్ ఎగ్జామినరు. మనిషి మంచివాడే, బస్సులో కిటికీ పక్క సీటు దొరక్క కాస్త చిరాకుగా ఉన్నాడంతే. యుద్ధమంతా నులకమంచమంత ఇసుక మీద జరిగింది. ఎలుగుబంటి కథలో ఎక్కడా కనబడదు. దాని కాలిముద్ర ఒకటి కనబడుతుంది. అదీ సగమే.

తొంభైల చివర్లో తిరుపతిలో ఒక విశ్వవిద్యాలయంలో వన్యప్రాణుల జీవావరణ శాస్త్రం, పరిశోధన పద్ధతులు అనే రెండు పేపర్లు చెప్పేవాణ్ణి. తాత్కాలిక అధ్యాపకుణ్ణి. ఆ తేడా మా డిపార్టుమెంటులో కుర్చీలను చూస్తే తెలిసిపోయేది. పర్మనెంటు వాళ్ల కుర్చీలకు చేతులుండేవి, నాదానికి ఉండేవి కావు. ఆవేశంగా మాట్లాడుతూ పక్కకు వాలితే పర్మనెంటు వాళ్లు చెయ్యి ఆనించుకునేవాళ్లు, నేను కింద పడేవాణ్ణి. అందుకే నాకు ఆవేశం అలవాటు కాలేదు.

వన్యప్రాణుల పేపరు అనగానే కొత్త బ్యాచి కళ్లలో పులి కనబడేది. మొదటి రోజే దాన్ని తరిమేసేవాణ్ణి. "మన కొండల్లో పులి ల్యాదప్పా. ఉన్నా మీకు కనపడదు. కనపడిందా, మార్కులు ఏయించుకునేదానికి మీరుండరు." పిల్లల ముఖాలు వాడిపోయేవి. అప్పుడు ల్యాబులోకి తీసుకుపోయి మా దగ్గరున్న ఏకైక పెద్ద జంతువును చూపించేవాణ్ణి. గడ్డి కూరి నిలబెట్టిన శరీరం. మెడకు కట్టిన చీటీ ఎప్పుడో రాలిపోయింది, ఒంటిమీద బొచ్చు కూడా దాని వెంటే పోయింది. ప్రాక్టికల్ పరీక్షలో ఒక్కో బ్యాచి దాన్ని ఒక్కో ప్రాణిగా గుర్తించేది. నక్క అని కొందరు, ముంగిస అని కొందరు. ఒకడు ధైర్యం చేసి "జంతువు" అని రాశాడు. వాడే అందరికంటే నిజానికి దగ్గరగా ఉన్నాడు.

పరిశోధన పద్ధతుల పేపరుకు మధ్యాహ్నం భోజనం తర్వాతి పీరియడు ఇచ్చేవాళ్లు. పిల్లలు నిద్రపోవడానికి వీలుగా. వాళ్లను లేపడానికి నా దగ్గర రెండు పాఠాలుండేవి. ఒకటి, లెక్కపెట్టేవాడు నిలబడిన చోటును బట్టి లెక్క మారిపోతుంది. తిరుమలలో కల్యాణకట్ట గుమ్మం దగ్గర నిలబడి బయటికి వచ్చేవాళ్లను లెక్కపెడితే, ఈ రాష్ట్రంలో జనానికి జుట్టు మొలవదని తేలుతుంది. రెండోది, ఎర పెట్టి పిలిచిన జంతువు తనంతట తానే వచ్చిందని రాయకూడదు. లడ్డూ కౌంటరు దగ్గర ఎప్పుడూ గుంపు ఉంటుంది గనక మనిషి సహజ ఆవాసం లడ్డూ కౌంటరని రాస్తామా? ఈ పాఠం చెప్పినప్పుడు క్లాసు నవ్వేది, నేను గర్వపడేవాణ్ణి. అదే పాఠం తిరిగొచ్చి నా ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటుందని అప్పటికి తెలియదు.

వీరవనిత సంగతి. నగరి నుంచి వచ్చిన అమ్మాయి. మరమగ్గాల ఇల్లు. ఆ చప్పుడులో పెరిగిందేమో, మాట్లాడితే గోడలు అదిరేలా మాట్లాడేది, లేకపోతే అసలు మాట్లాడేది కాదు. మధ్య రకం గొంతు దేవుడు ఆమెకు ఇవ్వలేదు. ఎమ్మెస్సీ చివరి ఏడాది ప్రాజెక్టుకు ఆమె ఎంచుకున్నది ఆ పల్లె నుంచి అడవిలోకి పోయే కాలిబాట. పగలు మనుషులు నడిచే ఆ బాట మీద చీకటి పడ్డాక ఎవరు నడుస్తారో తేల్చాలి.

ఆ ఏడు మా డిపార్టుమెంటులో పరిశోధనకు ఒక్కటే సీటు. ప్రాజెక్టు వైవాలో ఎక్స్‌టర్నల్ మెచ్చుకుంటే అది ఆమెది. లేకపోతే పుత్తూరులో ఒక బళ్లో సైన్సు టీచరు ఉద్యోగం. వాళ్ల నాయన అప్పటికే మాట్లాడి పెట్టాడు. ఒకరోజు ఆయనే నన్ను చూడ్డానికి వచ్చాడు. తెల్ల పంచె, భుజాన తువ్వాలు, ముఖంలో న్యాయమైన అనుమానం.

"సార్, మా పిల్ల అడివిలో ఇసక జల్లెడ పడతా ఉండాదంట. ఏమన్నా బిల్డింగు కడతా ఉండారా?"

"లేదండీ. ఆ ఇసుక మీద జంతువులు నడుస్తాయి. కాలిముద్రలు పడతాయి. అవి చూసి రాస్తుంది."

"జంతువు కాలు పెడితే డిగ్రీ ఇస్తారా?"

"పెడితే ఇస్తాం."

"పెట్టకపోతే?"

"పుత్తూరు."

"సరే సార్. వైవా దాకా సూస్తా. ఆడ తేల్లేదంటే పుత్తూరే," అని, కుర్చీకి చేతులు లేకపోవడం గమనించి, నావైపు జాలిగా చూసి వెళ్లిపోయాడు.

పద్ధతి తేలికే. బాట మీద అక్కడక్కడా మంచమంత చోట మట్టిని గుల్ల చేసి, పైన జల్లెడ పట్టిన సన్న ఇసుక పోసి, నీళ్లు చిలకరించి, చెక్కతో చదును చేయాలి. ఇసుక మడి అనేవాళ్లం. సాయంత్రం సిద్ధం చేసి, తెల్లారగానే వచ్చి ఎవరి కాళ్లు పడ్డాయో చూడాలి. పల్లెలోనే ఆమె క్లాసుమేటు పిన్నమ్మ ఇల్లు ఉంది గనక మకాం అక్కడే. అంతా పుస్తకంలో ఉన్నట్టే చేసింది. ఆ దారిన పోయే మనుషులు మాత్రం పుస్తకం చదవలేదు. కట్టెలకు పోయేవాళ్లు, ఊటబావి నీళ్లకు పోయేవాళ్లు, పాల సైకిళ్లు. మొదటి వారాల్లో మేము నమోదు చేసిన వన్యప్రాణులు: హవాయి చెప్పు, సైకిలు టైరు, మేక, మేక, మళ్లీ మేక.

"సార్, టైరును ఏ కుటుంబంలో ఎయ్యాల?" అని అడిగింది.

"రెండు చక్రాల కుటుంబం."

ఆమె నవ్వలేదు. ఒక కర్రకు "తొక్కరాదు" అని బోర్డు రాసి పాతింది. మర్నాటికి దానిమీద ఎవరో తువ్వాలు ఆరేసుకున్నారు.

ఒకసారి మాత్రం డిపార్టుమెంటు మెట్లు ఎగిరెగిరి ఎక్కి వచ్చింది. "సార్! చిరుత!" అంటూ ముద్ర మీద పోసి తీసిన ప్లాస్టరు అచ్చు బల్లమీద పెట్టింది. అటెండరు కూడా వచ్చి దూరంగా నిలబడ్డాడు, అచ్చు కరుస్తుందన్నట్టు. నేను తిప్పి చూశాను. వేళ్ల ముందు గోళ్లు చక్కగా దిగబడి ఉన్నాయి. చిరుత నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది. కుక్కకు ఆ మర్యాద లేదు.

"కుక్క," అన్నాను.

"పెద్ద కుక్క గదా సార్," అంది ఆశ చావక.

"రాసుకో. పెద్ద కుక్క."

ఇలా ఉండగా ఒక ఉదయం నేను కూడా ఆమె వెంట బాట మీదికి పోయాను. గైడుగా సంతకం పెట్టేముందు ఒకసారైనా చూడాలి కదా. మొదటి మడి దగ్గరికి రాగానే ఆమె నిలబడిపోయింది. ఇసుక మీద తెల్లగా, నిండుగా, చుక్కల ముగ్గు. తర్వాతి మడి మీద పద్మం. ఆ తర్వాతి దానిమీద నెమళ్లు. కనుచూపు మేర శాస్త్రీయ పరిశోధన మీద ముగ్గులు పరుచుకుని ఉన్నాయి. అమ్మాయి బాట పక్కన బండమీద కూలబడింది.

బిందెతో నీళ్లకు పోతున్న ఒక అవ్వ ఆగింది. "ఏమ్మే, ఎవురు సచ్చినారని అట్ట కూసున్నావు?"

"అవ్వా, ఈడ ముగ్గెవరేసినారు?"

"నేనే. ఇంగెవరేస్తారు? ఈపక్కవి నావి, ఆపక్కవి మా కోడలివి. దానికి సుక్కలు కుదరవు, సూడు ఎట్ట వంకర పెట్టిందో."

"ఎందుకేసినావవ్వా!" గోడల్లేవు గనక ఈసారి కొండ అదిరింది.

అవ్వ బిందె దించింది. "ఎందుకా? మాపుటేళ జల్లెడ పట్టి, నీళ్లు సల్లి, అద్దం మాదిర సదును చేస్తావు. ముగ్గెయ్యకుండా బోడిగా వదిలేసి పోతావు. సావు జరిగిన ఇంటి ముందర గదమ్మా అట్ట వదిలేసేది? రోజూ ఈ దారినే నీళ్లకు పోతాం, కండ్లకు బాగుంటాదా? సిన్నపిల్ల, మర్సిపోతా ఉండాది, పోనీలే అని మేమే ఏసినాం. ఏవో కాళ్లు పడి గలీజుగా ఉణ్ణింది. అదంతా సేత్తో బాగా సవరించి మరీ ఏసినాం."

అమ్మాయి నావైపు చూసింది. ఆ చూపులో పుత్తూరు బడి గంట వినబడింది.

"అవ్వా," అన్నాను మెల్లగా, "ఆ గలీజే మాకు కావాల."

"గలీజా?"

"అడివిలో నుంచి ఏ జంతువు వచ్చిందో ఆ కాళ్లు చూస్తే తెలుస్తుంది."

"వచ్చింది, పోయింది. అది పోయినాక దాని కాళ్లతో మీకేం పనప్పా?"

నా రెండేళ్ల సిలబసును ఎవరూ అంత సూటిగా ప్రశ్నించలేదు. ఈలోగా అమ్మాయే లేచి బేరానికి దిగింది. ముగ్గు వద్దంటే అవ్వ ఒప్పుకోదు. బోడిగా వదలడం ఆమె ఉన్నంత కాలం జరగని పని. ముగ్గు వేస్తే ముద్రలు పోతాయి.

"అవ్వా, సుట్టూ అంచు మాత్రం ఎయ్యండి. నడిమధ్యలో వదిలేయండి. అదీ మాపుటేళే, నేను సదును చేసిన ఎంటనే."

"నడిమధ్య బోడిగానా?"

"మాది నగరి అవ్వా. మేము నేసే సీరకు అంచే అందం. ఒళ్లంతా పువ్వులుంటే ఎవురు కొంటారు?"

అవ్వ కొంచెంసేపు తన చీర అంచు చూసుకుంది. "అదీ నిజమేలే," అని బిందె ఎత్తుకుంది. అలా సంధి కుదిరింది.

తర్వాత జరిగింది ఏ పుస్తకంలోనూ లేదు. అంచు ముగ్గు పడ్డ రోజు నుంచి మడిని మనిషి తొక్కడం మానేశాడు. బోర్డు మీద తువ్వాలు ఆరేసినవాడే ముగ్గు దగ్గర సైకిలు దిగి, భుజానికెత్తుకుని, పక్కన ముళ్లకంపలోంచి నడిచిపోయాడు. మేకలవాళ్లు మందను పొదల్లోకి మళ్లించారు. చట్టం, జరిమానా, ప్రభుత్వ హెచ్చరిక, వీటన్నిటినీ ఆనందంగా తొక్కే జనం ముగ్గు తొక్కడానికి మాత్రం జంకుతారు. తెల్లారేసరికి మడి మధ్యలో అసలైన కాళ్లు పడసాగాయి. కుందేలు, ముళ్లపంది, అడవిపిల్లి, పునుగుపిల్లి. పల్లె ఆడవాళ్లకు కూడా ఉత్సాహం వచ్చింది. "అమ్మణ్ణీ, ముగ్గుపిండి అయిపోయింది, వచ్చేటప్పుడు తేమ్మా," అని చెప్పి పంపేవాళ్లు. ఆ ఏడు ఆమె సంచిలో పరిశోధన సామగ్రి ఇది: స్కేలు, ప్లాస్టరు, జల్లెడ, ముగ్గుపిండి.

ఎలుగుబంటి ముద్ర పడ్డ రోజు నేను వెళ్లేసరికి అమ్మాయి దాని పక్కన కాపలా కూర్చుని ఉంది, అవ్వ బిందెతో ఆగి చూస్తోంది. సగం ఇసుక మీద, సగం ముగ్గు అవతల గట్టినేల మీద పడింది. ఇసుక మీద వేళ్ల వైపు సగమే అచ్చయింది. ఎలుగుబంటి వెనక పాదం అచ్చం మనిషి పాదంలా ఉంటుంది. అందువల్ల శాస్త్రవేత్తగా ఒక అనుమానం తీర్చుకోవాల్సి వచ్చింది.

"అవ్వా, ఒకసారి కాలు సూపిస్తావా?"

అవ్వ నన్ను కిందనుంచి పైకి చూసింది. "ఏం, నేను ఎలుగ్గొడ్డు మాదిరుండానా?"

"లేదవ్వా, లేదని రాయాలి గదా, అందుకు."

తిట్టుకుంటూనే చూపించింది. అవ్వ కాలికి పొడవాటి వంకర గోళ్లు లేవు. ముద్రకు ఉన్నాయి. ఎలుగుబంటి ఖాయమైంది. ఆ తర్వాత నెల రోజులు అవ్వ నాతో మాట్లాడలేదు.

ప్రాజెక్టు రాసేటప్పుడు అమ్మాయి పద్ధతుల అధ్యాయంలో దాపరికం లేకుండా రాసింది: మనుషులు తొక్కకుండా మడి చుట్టూ ముగ్గుతో హద్దు గీశాము. మా హెడ్డు గారు అది చదివి కళ్లజోడు తీశారు. "ఇది సైన్సా, ముగ్గుల పోటీనా?" అన్నారు. తర్వాత ఫలితాల పేజీ చూసి కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు.

వైవా రోజు వచ్చింది. ఎక్స్‌టర్నల్ మద్రాసు వైపు తెలుగాయన. ప్రశ్నలు ఇంగ్లీషులో మొదలుపెట్టి, కుదుటపడ్డాక తెలుగులోకి దిగే మనిషి. మా ఆనవాయితీ ప్రకారం హెడ్డు గారు ముందు వడలు, కాఫీ తెప్పించారు. కడుపు నిండినవాడు కష్టమైన ప్రశ్న వేయడని ఆయన సిద్ధాంతం. ఎవరూ పరీక్షించి చూడలేదు. ఎక్స్‌టర్నల్ వడ తింటూ పేజీలు తిప్పుతున్నాడు. "బాగుంది... బాగుంది..." అంటున్నాడు. ముగ్గు ఉన్న పేజీ దగ్గర ఆయన వేలు ఆగింది.

"ముగ్గు," అన్నాడు. "మా వైపు కోలం అంటాం. మా అవ్వ రోజూ తెల్లారక ముందే వేసేది. ఎందుకో తెలుసా అమ్మా?"

అమ్మాయి మాట్లాడలేదు. మాట్లాడని విడత నడుస్తోంది.

"చీమల కోసం! మనం తినేముందు గడప బయట చీమకు పెట్టాలి. బియ్యప్పిండి. ఎంత గొప్ప ఆలోచన చూడండి!" ఆయన కళ్లు చెమర్చాయి. హెడ్డు గారు కూడా మర్యాదకోసం కాస్త చెమర్చుకున్నారు. ఎక్స్‌టర్నల్ కళ్లు తుడుచుకుని పుస్తకం మూసేశాడు. "అంటే నువ్వు చేసిందేమిటి? దారి పొడవునా బియ్యప్పిండి పోశావు. పిండికి చీమలొస్తాయి. చీమల కోసం ఎలుగుబంటి వస్తుంది. పిండికి ఎలుకలూ వస్తాయి. ఎలుకల కోసం అడవిపిల్లి, పునుగుపిల్లి వస్తాయి. విందు పెట్టి అతిథులను లెక్కపెట్టావు. ఈ జంతువులు ఈ దారిన మామూలుగా నడుస్తాయని ఎట్లా నమ్మేది? ముగ్గు వేసిన రోజుల లెక్కంతా కొట్టేయాల్సిందే."

అవి కొట్టేస్తే మిగిలేది టైరు, చెప్పు, మేక, పెద్ద కుక్క.

హెడ్డు గారి కాఫీ కప్పు గాల్లో ఆగిపోయింది. నా రెండో పాఠం, నా లడ్డూ కౌంటరు, నా ఎదురుగా కూర్చుని కాలు ఊపుతోంది. గైడుగా నేను లేచి నిలబడ్డాను. పర్మనెంటు వాళ్ల కుర్చీలో కూర్చుని ఉన్నానేమో, ఆ రోజు ఆవేశం కూడా వచ్చింది.

"సార్, పిండి చాలా పలచగా వేశారు."

"చీమకు పలచన చాలు."

"ఆ పల్లెలో చీమలు తక్కువ సార్."

"లెక్కపెట్టారా?"

"లేదు సార్. కానీ రాత్రిపూట చీమలు..."

"మేలుకునే ఉంటాయి."

నేను నోరు తెరిచిన ప్రతిసారీ పుత్తూరు ఒక స్టాపు దగ్గరికొస్తోంది. అమ్మాయి నా చొక్కా అంచు పట్టి లాగింది.

"సార్, మీరు కూసోండి."

కూర్చున్నాను. ఆమె ఎక్స్‌టర్నల్ వైపు తిరిగింది. గోడలు సిద్ధపడ్డాయి.

"సార్, అది బియ్యప్పిండి గాదు. రాతిపొడి."

ఎక్స్‌టర్నల్ మూసిన పుస్తకం మళ్లీ తెరిచాడు.

"కోలం అంటే బియ్యప్పిండే," అన్నాడు ఆయన.

"అది పండగలకు సార్. రోజూ ఏసే ముగ్గుకు బియ్యప్పిండి ఎవురేస్తారు? తెల్లరాయి పొడి. రేణిగుంటలో కొని ఆడికి మోసింది నేనే."

ఎక్స్‌టర్నల్ హెడ్డు గారి వైపు చూశాడు. హెడ్డు గారు నావైపు చూశారు. ముగ్గురం పెద్ద చదువులు చదివినవాళ్లం. ముగ్గురం చిన్నప్పటి నుంచి ముగ్గు తొక్కి తిట్లు తిన్నవాళ్లమే గానీ, ఒక్కరం కూడా దాన్ని చేత్తో పట్టుకున్నవాళ్లం కాదు.

"ఇక్కడెక్కడైనా ఉందా?" అన్నాడు ఎక్స్‌టర్నల్. ఉంది. మా డిపార్టుమెంటు మెట్ల కింద రోజూ వేస్తారు. అందరం బయటికి నడిచాం. ఆయన ప్యాంటు పైకి లాక్కుని గొంతుక్కూర్చుని, చిటికెడు తీసి, వేళ్ల మధ్య నలిపి, వాసన చూశాడు. అంతటితో ఆపవచ్చు. కానీ నిజమైన పరిశోధకుడు. నోట్లో వేసుకున్నాడు. మేమందరం ఆయన దవడ వైపు చూస్తూ నిలబడ్డాం.

కరకరమంది.

"రాయే," అన్నాడు. హెడ్డు గారు పరిగెత్తుకుపోయి నీళ్లు తెచ్చారు. ఆయన పుక్కిలించి, పక్కకు ఉమ్మి, మూతి తుడుచుకుంటూ మెల్లగా, ఎవరితోనూ కాకుండా, "మా అవ్వ వేసింది మాత్రం బియ్యప్పిండే," అన్నాడు. ఎవరమూ కాదనలేదు. లోపలికి పోయి అమ్మాయి పేరు ఎదురుగా మంచి మాటలు రాసి సంతకం పెట్టాడు. మిగిలిన వడ తినలేదు.

సీటు ఆమెకే వచ్చింది. వాళ్ల నాయన మళ్లీ వచ్చాడు, ఈసారి నగరి టవల్ ఒకటి నాకు కానుకగా పట్టుకుని. వైవాలో ఏం జరిగిందో నేను వీలైనంత గంభీరంగా చెప్పాను. చీమలు, ఎలుగుబంటి, ఎక్స్‌టర్నల్ కత్తిలాంటి ప్రశ్న, గదిలో నిశ్శబ్దం, అమ్మాయి లేచి నిలబడడం. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"అంటే, ముగ్గుపిండి రాతిపొడి అని చెప్పింది. దానికి సీటిచ్చినారు."

"అలా కాదండీ..."

"మా ఇంటి ముందర గూడా అదే గదా సార్ ఏసేది," అని తువ్వాలు దులుపుకుని లేచాడు.

అలా కాదని నేను ఇప్పటికీ చాలామందితో వాదిస్తుంటాను. కానీ ముగ్గుపిండి రాతిపొడే. రేణిగుంటలో చీపుర్ల పక్కన గోతాల్లో పోసి డబ్బాతో కొలిచి అమ్ముతారు. చీమలు తినవు.